స్టెలారిస్‌లో ఆటో ఎక్స్‌ప్లోర్: ఎనిమిది వందల గంటల తర్వాత

స్టెలారిస్ అంతరిక్షంలో సామ్రాజ్యం కట్టుకునే స్ట్రాటజీ వీడియో గేమ్. 2016 మే 9న వచ్చింది. నేను కొన్నది రెండేళ్ళ తర్వాత, సేల్‌లో. ఇప్పటికి ఎనిమిది వందల గంటలు దాటాయి. అందులో సగం సైన్స్ షిప్పుల వెనక తిరగడానికే పోయిందని నా లెక్క. అందుకని మొత్తం ఆట సంగతి పక్కన పెట్టి, ఆ షిప్పులకుండే ఒక్క బటన్ గురించే రాస్తున్నాను. ఆటో ఎక్స్‌ప్లోర్.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆట 2200 జనవరి 1న మొదలవుతుంది. మన చేతిలో ఒక సైన్స్ షిప్, ఒక కన్‌స్ట్రక్షన్ షిప్, మూడు చిన్న యుద్ధ నౌకలు ఉంటాయి. చుట్టూ ఏముందో తెలీదు. సైన్స్ షిప్ ఒక్కో నక్షత్రం దగ్గరికెళ్ళి అక్కడి గ్రహాల్నీ ఉపగ్రహాల్నీ వరసగా సర్వే చేయాలి. సర్వే అయితే తప్ప అక్కడ మన అవుట్‌పోస్ట్ (ఆ నక్షత్రం మనదని చాటే చిన్న స్థావరం) కట్టుకోనివ్వరు. షిప్‌ని నడపడానికి ఒక సైంటిస్టుని కూర్చోబెడతాం. ఆటో ఎక్స్‌ప్లోర్ నొక్కితే ఇదంతా షిప్పే చూసుకుంటుంది, మనం అడుగడుగునా క్లిక్ చేయక్కర్లేదు.

నేను మొదలుపెట్టిన రోజుల్లో ఈ బటన్ కావాలంటే ముందు ఒక టెక్నాలజీ పరిశోధించుకోవాలి. అది దొరికేసరికి దగ్గర్లో ఉన్న నక్షత్రాలన్నీ చేత్తోనే తిరిగేసేవాణ్ణి. అప్పుడు విసుక్కున్నాను గానీ, ఆ అలవాటే మంచిదని తర్వాత తెలిసొచ్చింది.

ఎందుకో చెప్తాను. నా మొదటి షిప్ పేరు ఎప్పుడూ నారద, రెండోది తుంబుర. ముల్లోకాలూ తిరిగేవాడి పేరు పెట్టకుండా ఇంకేం పెడతాం? ఆ టెక్నాలజీ షరతు పోయాక, ఒక ఆటలో బద్ధకించి నారదని మొదటి రోజే ఆటోలో వదిలేశాను. దగ్గర్లో ఏది మిగిలితే అక్కడికి పోతూ, తూర్పున దారి ఆగిపోయే మూల ఒకటి ఉంటే అందులోకి దూరింది. రెండు గడ్డకట్టిన గ్రహాలు, కొన్ని రాళ్ళు. ఓపిగ్గా అన్నీ సర్వే చేసింది. పడమటి వైపు ఒక నక్షత్రం ఉంది. మా ప్రాంతంలోకి రావాలంటే ఆ వైపు హైపర్‌లేన్లన్నీ (నక్షత్రాల్ని కలిపే దారులు) దాని మీదుగానే పోతాయి. అది చేతికొస్తే ఒక్క స్టార్‌బేస్‌తో సరిహద్దంతా కాసుకోవచ్చు. 2217లో నేను అటు చూసేసరికి అక్కడ పొరుగు సామ్రాజ్యంవాడి జెండా ఎగురుతోంది. ఇక ఆట ముగిసేదాకా మూడు వైపులా కోటలు కట్టుకుంటూ కూర్చున్నాను.

షిప్ చేసిన పనిలో తప్పేమీ లేదు. దానికి దగ్గర, దూరం తెలుసు. నాకు ఏది అవసరమో తెలీదు. మొదట్లో అవుట్‌పోస్ట్‌కి ఖర్చు పెట్టాల్సిన వనరులు, అంటే అల్లాయ్స్ (మిశ్రమ లోహాలు), ఇన్‌ఫ్లుయెన్స్ (పలుకుబడి), చాలా టైట్‌గా ఉంటాయి. ఇన్‌ఫ్లుయెన్స్ అయితే చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఏ నక్షత్రం ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ఆట. దాన్ని బటన్‌కి అప్పగిస్తే ఆడుతున్నది మనం కాదు. అందుకే మొదటి పాతిక, ముప్ఫై ఏళ్ళు చేత్తోనే. గెలాక్సీ మ్యాప్‌లో షిఫ్ట్ పట్టుకుని నాలుగైదు నక్షత్రాలు వరసగా క్యూలో పెట్టేస్తే అదేమంత కష్టం కూడా కాదు.

ఆ తర్వాత మాత్రం ఆటో లేకుండా నేను ఆడలేను. మీడియం గెలాక్సీలోనే 600 నక్షత్రాలుంటాయి. ఒక పక్క కాలనీలు, ఒక పక్క యుద్ధం పెట్టుకుని మూడు షిప్పుల్ని చేత్తో తిప్పాలంటే పిచ్చెక్కుతుంది. ఈ దశలో బటన్ పెట్టిన ఖర్చుకి పదింతలు పని చేస్తుంది. (ఖర్చేమీ లేదనుకోండి.)

అయితే వదిలేశాం కదాని మర్చిపోకూడదు. సైంటిస్టు ముసలితనంతో చనిపోతే షిప్ ఉన్నచోటే ఆగిపోవచ్చు. పొరుగువాడు సరిహద్దులు మూసేస్తే లోపలున్న షిప్ కొన్ని నెలలు కనబడకుండా పోయి తర్వాత ఇంటికి తేలుతుంది. స్క్రీన్ కుడి పక్కన జాబితాలో అన్నీ కనిపిస్తూనే ఉంటాయి, చూసే ఓపికుండాలంతే. పదేళ్ళకోసారి ఆట పాజ్ చేసి ప్రతి షిప్ మీదా ఒక క్లిక్ వేయడం ఇప్పుడు నాకు అలవాటైపోయింది.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఒకసారి దారికి అడ్డంగా స్ఫటికాల్లా మెరిసే జీవులు కాపలా కాస్తున్నాయి. షిప్ మామూలుగా ఇవేసివ్ మోడ్‌లో ఉంటుంది, ప్రమాదం కనబడితే తప్పుకుంటుంది. నేను దాన్ని ప్రమాదాన్ని పట్టించుకోని ప్యాసివ్‌కి మార్చి, అటునుంచి దూసుకుపొమ్మని పంపాను. బతికి బయటపడింది. ఆ సంతోషంలో మళ్ళీ ఇవేసివ్‌కి మార్చకుండానే ఆటో నొక్కి, స్పీడ్ పెంచి, యుద్ధం చూసుకుంటున్నాను. పైన దాడి జరుగుతోందని ఎర్ర గుర్తు వచ్చింది. పాజ్ కొట్టేసరికి షిప్పూ లేదు, ముప్ఫై ఏళ్ళుగా పెంచుకున్న సైంటిస్టూ లేడు. తప్పు నూటికి నూరు శాతం నాదే.

అనామలీల సంగతి వేరు. అనామలీ అంటే సర్వేలో తగిలే వింత. దానికో లెవెల్ ఉంటుంది. ఒకటి నుంచి పది దాకా. లెవెల్ రెండు సైంటిస్టుని ఆరో లెవెల్ అనామలీ మీద కూర్చోబెడితే నెలలకి నెలలు కదలడు. నేను వాటిని అలాగే ఉంచి, తెలివైనవాడు తయారయ్యాక పంపిస్తాను. సిచ్యుయేషన్ లాగ్ అనే జాబితాలో పడి ఉంటాయి, ఎక్కడికీ పోవు. ఆటలో మంచి కథలన్నీ ఇక్కడే దొరుకుతాయి కాబట్టి ఇవి మాత్రం నేనే చదువుకుంటూ చేస్తాను.

ఎన్ని షిప్పులు పెట్టాలి? ఒకప్పుడు ఆరేడు వదిలేవాణ్ణి. 2023లో 3.8 అప్‌డేట్‌తో నాయకుల (సైంటిస్టులూ వీళ్ళలోకే వస్తారు) సంఖ్యకి పరిమితి పెట్టాక ఆ పప్పులు ఉడకడం లేదు. దాటితే జీతాలు పెరుగుతాయి, వాళ్ళకి అనుభవం మెల్లగా వస్తుంది. ఇప్పుడు మూడే. ఒకటి సరిహద్దుల వైపు నా చేతిలో, ఒకటి ఆటోలో, ఒకటి అనామలీలకి.

ప్రస్తుతం నడుస్తున్న ఆటలో 2261. తుంబుర ఉత్తరాన ఎక్కడో తనంతట తాను తిరుగుతోంది. నారదలో ఉన్నాయనకి ఎనభై దాటాయి. రాత్రికి ఆ సీట్లో ఎవర్ని కూర్చోబెట్టాలో చూసుకోవాలి.