చిత్తూరులో దివాలా, అమెరికాలో దివాలా

జూన్, జూలైలో బంగారుపాళ్యం రోడ్డెక్కితే తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. మా చిన్నాన్న అలాంటి చిన్న యూనిట్ ఒకటి పెట్టాడు. మిషన్లు ఆడేది రెండు నెలలే, వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ ఆడుతుంది. రెండో ఏడు సరుకు కదల్లేదు, మూతపడింది. బ్యాంకులో ఇంటి పత్రాలు, పిన్నమ్మ నగలు. ఊళ్లో మిగిలింది 'దివాలా తీసినోడు' అన్న పేరు.

అదే అమెరికాలో అయితే అక్కడి దివాలా చట్టంలోని చాప్టర్ 7 కింద కోర్టుకెళ్లొచ్చు. చట్టం మినహాయించినవి వదిలేసి మిగతా ఆస్తి అమ్మి అప్పులవాళ్లకు పంచుతారు. మామూలుగా నాలుగైదు నెలల్లో చాలా అప్పులు రద్దవుతాయి. పన్నులు, చదువు అప్పులు అంత తేలిగ్గా వదలవు, క్రెడిట్ రిపోర్టులో పదేళ్ల దాకా మచ్చ ఉంటుంది. అయినా మనిషి మళ్లీ మొదలుపెట్టగలడు.

మన 2016 దివాలా చట్టం ఎక్కువగా పనికొచ్చింది కంపెనీలకే. సొంత పేరుమీద వ్యాపారం చేసేవాళ్ల భాగం పూర్తిగా అమల్లోకి రాక, 1920 నాటి చట్టమే దిక్కయింది. దెబ్బతిన్నవాడు అక్కడ మళ్లీ లేవడానికీ ఇక్కడ లేవలేకపోవడానికీ నా లెక్కలో అసలు తేడా ఇక్కడే ఉంది, తెలివిలో కాదు.

అక్కడా ఇబ్బంది లేకపోలేదు. చాలామందికి ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది, మానేయాలంటే టెన్షనే. మనకు చుట్టాల చేబదులు, చీటీ పాట ఉన్నాయి. గల్లా రామచంద్రనాయుడు అమెరికా ఉద్యోగం వదిలొచ్చి 1985లో తిరుపతి దగ్గర అమరరాజా కంపెనీ పెట్టారు కూడా.

చిన్నాన్న ఇప్పుడు టమోటా మండీలో గుమాస్తా. మళ్లీ ఏదైనా పెడదామంటే చాలు, పిన్నమ్మ చెవి కమ్మలు తడుముకుంటుంది.