డయ్యూలో ఖుక్రీ స్మారకానికి పావుగంట చాలదు

సోమనాథ దర్శనం సాఫీగా జరిగింది. అక్కడి నుంచి డయ్యూకు టాక్సీకి 2,400 రూపాయలు తీసుకున్నారు. ఈ మజిలీని పట్టుబట్టి చేర్పించినది మా నాన్నగారు. నౌకాదళంలో పనిచేసి విశాఖలో పదవీ విరమణ పొందిన ఆయన, 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో డిసెంబరు 9 రాత్రి ఈ తీరానికి దూరంగా మునిగిపోయిన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ స్మారకాన్ని ఒక్కసారైనా చూడాలని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు.

ఫోనులో 1,800 రూపాయలకు ఒప్పుకున్న గదికి, శనివారం రద్దీ పేరు చెప్పి 2,600 వసూలు చేశారు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉన్నందున, అది లేని ఈ కేంద్రపాలిత ప్రాంతానికి వారాంతాల్లో తాగడానికే వచ్చేవారు చాలామంది. పక్క గదిలో రాత్రి రెండు దాకా కేకలు ఆగలేదు. పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు శని, ఆదివారాలు తప్పించి వెళ్లాలి.

అయినా ఆ రాత్రి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టినది మరునాటి ఆటో ప్రయాణం. కోట, నాగోవా బీచ్, స్మారకం మూడింటికీ కలిపి 700 రూపాయలకు మాట్లాడుకున్నాము. మొదటి రెండు చోట్లా గంటేసి సేపు ఓపికగా నిలబడిన డ్రైవరు, చక్రతీర్థ బీచ్ పక్కన గుట్ట మీదున్న స్మారకం దగ్గరకు రాగానే, అద్దాల గదిలో బొమ్మ ఓడ తప్ప అక్కడేమీ లేదని, పావుగంటలో వచ్చేయాలని అన్నాడు. నాన్నగారి ముఖం చిన్నబోయింది. నేను 700 చేతిలో పెట్టి అతన్ని పంపించేశాను.

అతను బొమ్మ అన్నది ఖుక్రీ నమూనా. సముద్రానికి ఎదురుగా అద్దాల మధ్య నిలిపారు. ఉప్పుగాలికి అద్దం మసకబారి ఉంటే నాన్నగారు చేతిరుమాలుతో అరచేయంత మేర తుడిచి, వేలితో చూపించారు. "ఇదిగో, ఇది బ్రిడ్జి, ఓడను నడిపించే చోటు. కెప్టెన్ గారు ఓడను వదల్లేదురా."

పాకిస్తాన్ జలాంతర్గామిని వేటాడటానికి వెళ్లిన ఖుక్రీని ఆ జలాంతర్గామి, హంగోర్, టార్పెడోతో కొట్టింది. కొద్ది నిమిషాల్లోనే ఓడ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అసువులు బాశారు. వీలైనంతమందిని ఓడ దాటించే ప్రయత్నం చేసిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తాను మాత్రం ఓడతోనే ఉండిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

అదే పేరుతో 1989లో ముంబైలో మరో ఖుక్రీ సేవలో చేరినప్పుడు ఆయన భార్య సుధా ముల్లా గారు కూడా ఆ వేడుకలో ఉన్నారు. 32 ఏళ్లు పనిచేసిన ఆ ఓడకు 2021 డిసెంబరు 23న మా విశాఖలోనే వీడ్కోలు పలికారు. ప్రదర్శనశాలగా ఉంచడానికి 2022 జనవరి 26న డయ్యూ పాలనాయంత్రాంగానికి అప్పగించారు. విశాఖ రేవులో ఆ ఓడను ఎన్నోసార్లు చూసిన నాన్నగారికి ఈ ఊరితో చుట్టరికం అలా కలిసింది.

మేము అక్కడ దాదాపు రెండు గంటలు ఉన్నాము. చుట్టూ ఫొటోలు తీసుకునేవాళ్ల సందడిలోనే ఆయన సముద్రంవైపు తిరిగి, మడమలు కలిపి సెల్యూట్ చేశారు. మోకాళ్ల నొప్పి ఉన్నా చేయి దించేదాకా కదల్లేదు. తిరుగు ఆటోకు 120 రూపాయలు ఇచ్చాము. వెళ్లేవారు స్మారకానికి విడిగా ఆటో మాట్లాడుకోండి, సాయంత్రం నాలుగింటికే చేరుకోండి, అద్దం తుడవడానికి ఒక మెత్తటి గుడ్డ కూడా పట్టుకెళ్లండి.