జాగ్రత్త: "1971 విక్రాంత్" అని అమ్ముతున్న 1:700 రెజిన్ కిట్ కొనకండి

గోదావరి జిల్లాల్లో ఓడల మోడళ్లు కట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ కొద్దిమందికీ ఈ మధ్య ఒకటే ప్రకటన కనబడుతోంది: "1971 యుద్ధం నాటి ఐఎన్ఎస్ విక్రాంత్, 1:700, పూర్తి రెజిన్, డెకాల్స్‌తో సహా రూ.7,800." 1:700 అంటే అసలు ఓడలో ఏడువందల వంతు. రెజిన్ అంటే అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటి పదార్థం. డెకాల్స్ అంటే నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే బొమ్మల గుర్తులు. కాకినాడ, అమలాపురం, భీమవరం చేరిన మూడు పెట్టెల్ని పక్కపక్కన పెట్టి కొలిచాక రాస్తున్న మాటలివి. మూడింటికీ ఒకటే అచ్చు, ఒకటే రోగం. అమ్మేవాడి పేరు రాయడం లేదు. రాసినా ఇంకో పేరుతో మళ్లీ పెడతాడు. సరుకుని గుర్తుపట్టడం తెలిస్తే చాలు.

ముందు అసలు తప్పు. విక్రాంత్ విమానవాహక నౌక. పెట్టెలో ఉన్న ఓడ ముక్కు పైకి లేచి ఉంది. అది స్కీ జంప్. సీ హారియర్ యుద్ధ విమానాలు ఎగరడానికి 1980ల చివర్లో పెట్టిన 9.75 డిగ్రీల ర్యాంపు. 1971 డిసెంబరులో విక్రాంత్ డెక్కు ముందు భాగం బల్లపరుపుగా ఉండేది, విమానాల్ని ఆవిరి కాటపుల్ట్ విసిరేది. కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి వెళ్లినవి సీ హాక్‌లు, అలీజేలు అనే విమానాలు. సీ హారియర్లు మన నేవీకి అందిందే 1983లో. ఈ కిట్‌లో ఆరు సీ హారియర్లున్నాయి, అలీజే ఒక్కటీ లేదు. ప్రకటనలో ఫోటో ఓడ వెనక నుంచి తీశారు, ముక్కు కనబడదు. తెలియక తీసిన ఫోటో అని నమ్మడం కష్టమండి.

ర్యాంపు కోసేసి నున్నగా సాండింగ్ చేసుకుంటే సరిపోతుంది కదా అని అడుగుతారు. సరిపోదు. కాటపుల్ట్ గాడి కొత్తగా గీయాలి. మొదట్లో 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులు 16 ఉండేవి, తర్వాత 8కి తగ్గించారు. కిట్‌లో ఉన్నవి ఆ ఎనిమిదే. మిగతావి నిలబడే అరుగులు హల్ (ఓడ శరీరం) పక్కన అతికించాలి. ఇంత చేశాక కూడా కింద ఉన్న హల్ కొలత తప్పే.

ఆ కొలత చూడటం చాలా తేలిక. విక్రాంత్ పొడవు 700 అడుగులు. 1:700లో సరిగ్గా ఒక్క అడుగు, అంటే 304.8 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూడటానికి ఇంతకన్నా సులువైన ఓడ ఉండదు. ఈ హల్ 297 దగ్గర ఆగిపోయింది. అసలు ఓడ మీద లెక్కేస్తే దాదాపు 18 అడుగులు మాయం. గరిష్ఠ వెడల్పు 128 అడుగులు, మోడల్లో 55.7 రావాలి. వచ్చింది 54కి కాస్త పైన. పొడవూ వెడల్పూ ఒకే పాళ్లలో తగ్గాయంటే అది నకలు. ఎవరో చేసిన కిట్ మీద సిలికోన్ రబ్బరు పోసి అచ్చు తీశారు, ఆ అచ్చులోంచి వచ్చిన దానిమీద మళ్లీ అచ్చు తీశారు. గట్టిపడేటప్పుడు రెజినూ రబ్బరూ కొంచెం కొంచెం కుంచించుకుంటాయి, నకలుకి నకలు తీసిన కొద్దీ ఓడ చిక్కిపోతుంది. అదే పొడవు ఒక్కటే తగ్గి వెడల్పు సరిగ్గా ఉంటే అది వేరే ఓడ హల్ అయ్యే అవకాశం ఎక్కువ.

ఇంకో ఆనవాలు ఓడ అడుగున ఉంది. హల్ తిరగేసి, టార్చి పక్కగా పెట్టి వెలుతురు ఏటవాలుగా పడనివ్వండి. మధ్యలో రెండు అంగుళాల పొడవున ఒక దీర్ఘచతురస్రం మిగతా చోటు కంటే నున్నగా మెరుస్తుంది. అసలు తయారీదారు పేరు, నంబరు ఉండాల్సిన చోటు అది. పుట్టీ పెట్టి గీకి, దానిమీదే అచ్చు తీశారు. మూడు హల్స్‌లోనూ అదే చోట, ఆ పుట్టీ అంచున అదే చిన్న గీత.

డెకాల్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వీటిని చూసే చాలామంది మోసపోతారు. షీటు మీద చూస్తే రంగులు భలేగా ఉంటాయి. షీటు వెనక కాగితం తెలుపు, అదీ కిటుకు. మామూలు ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు. పారదర్శకమైన ఫిల్మ్ మీద అలా ముద్రిస్తే తెలుపు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. నీళ్లలో నానబెట్టి బూడిదరంగు విమానం రెక్క మీదికి జార్చగానే మూడు రంగుల చక్రంలో తెల్ల వలయం మాయమై రెక్క రంగు బయటపడుతుంది, కాషాయం మట్టిరంగులోకి దిగుతుంది. వార్నిష్ కూడా వేయలేదు కాబట్టి ఒక షీటులో సగం డెకాల్స్ నీళ్లు తగిలీ తగలగానే ఆత్రేయపురం పూతరేకుల్లా చిరిగిపోయాయి. కొనేముందు ఒక పనికిరాని డెకాల్‌ని నల్ల ప్లాస్టిక్ ముక్క మీద వేసి ఫోటో పంపమని అడగండి. తెల్ల సిరా ఉన్నదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది.

పతాకం కూడా తప్పే. 1950 నుంచి 2001 దాకా మన నౌకాదళ పతాకం తెల్ల గుడ్డ మీద ఎర్ర సిలువ గీత, పై మూలన మువ్వన్నెల జెండా. కిట్‌లో ఇచ్చింది నీలిరంగు అష్టభుజి ముద్ర ఉన్నది. అది 2022 సెప్టెంబరు 2న, కొచ్చిలో కొత్త విక్రాంత్ సేవలో చేరిన రోజున వచ్చింది. 1971 ఓడ మీద 2022 జెండా!

మోసానికి మూలం ఇక్కడే ఉంది. మన నేవీలో పాత ఓడ వెళ్లిపోయాక దాని పేరు కొత్త ఓడకి పెడతారు. పేరు చూసి కొంటే ఏ కాలంది వస్తుందో చెప్పలేం. ఇదే అమ్మకందారు దగ్గర "1971 ఖుక్రీ" అని 3డి ప్రింట్ ఒకటుంది. 1971 డిసెంబరు 9న మునిగిపోయిన ఖుక్రీ బ్లాక్‌వుడ్ తరగతి ఫ్రిగేట్ అనే యుద్ధనౌక, పొడవు 310 అడుగులు, 1:350లో 270 మిల్లీమీటర్లు, మీద చిన్న బోఫోర్స్ తుపాకులే. ప్రింట్‌లో ముందు పెద్ద తుపాకీ, క్షిపణి గొట్టాలు కనబడుతున్నాయి. అది 1989లో వచ్చిన ఖుక్రీ కార్వెట్ (ఇదీ ఒక రకం యుద్ధనౌకే). రాజ్‌పుత్ కూడా అంతే: 1971లో విశాఖ దగ్గర ఉన్నది పాత బ్రిటిష్ డిస్ట్రాయర్ రోదర్‌హామ్, 1980లో వచ్చింది సోవియట్ తయారీ. కరాచీ మీదికి వెళ్లిన నిర్ఘాత్, నిపాత్, వీర్ కావాలంటే క్షిపణి పెట్టెలు డబ్బాల్లా ఉన్న ఒసా-1 రకం క్షిపణి పడవ చూడండి. గుండ్రటి గొట్టాలుంటే ఒసా-2, యుద్ధం తర్వాతిది.

ఆ ఖుక్రీ ప్రింట్‌లో ఇంకో ప్రమాదం ఉంది. హల్ బోలుగా ప్రింట్ చేసి, లోపలి తడి రెజిన్ బయటికి పోవడానికి రంధ్రం పెట్టలేదు. చేతికి జిగటగా తగిలినా, ఘాటు వాసన వచ్చినా, చెవి దగ్గర ఊపితే లోపల ఏదో కదిలినా రంగు వేయకండి. కొన్ని నెలలకి హల్ పగిలి ఆ జిగురు షెల్ఫ్ మీదికి కారుతుంది. ఉంచుకోక తప్పదంటే గ్లవ్స్ వేసుకుని అడుగున రెండు చోట్ల 3 మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో లోపల రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరాక ఎండలో పెట్టండి. కడిగిన ఆల్కహాల్ సింకులో పోయకండి.

విక్రాంత్ రెజిన్‌లో గాలిబుడగలు మామూలే, కానీ బోఫోర్స్ గొట్టాల్లో సగం బుడగలే. సన్నటి మాస్టులు వంగి వచ్చాయి. ఇది ఒక్కటి బాగుచేసుకోవచ్చు: చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో నిమిషం ఉంచి, అద్దం మీద తిన్నగా నొక్కి, చన్నీళ్లలో ముంచాలి. అచ్చు నుంచి ఊడటానికి పూసిన జిడ్డు అలాగే ఉంది, గిన్నెల సబ్బుతో కడక్కపోతే ప్రైమర్ (రంగు కింద వేసే పూత) టేపుతోపాటే లేచొస్తుంది. సాండింగ్ తడిపే చేయండి, ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మన కోనసీమ వానల్లో ఫెవిక్విక్ లాంటి జిగురు వాడితే అతుకు చుట్టూ తెల్లటి బూజులా పొర కడుతుంది. అది మాత్రం కిట్ తప్పు కాదు, గాలిలో తేమ.

ఎవరి దగ్గర కొన్నా డబ్బు పంపేముందు నాలుగు ఫోటోలు అడగండి: స్టీలు స్కేలు పక్కన హల్ పొడవు, ముక్కు పక్కనుంచి, హల్ అడుగు, నల్ల ముక్క మీద డెకాల్. అప్పటికప్పుడు తీసినవి అని తెలిసేలా ఫోటోలో ఆరోజు తేదీ రాసిన కాగితం పెట్టమనండి. స్కేలు పెట్టమంటే "మోడల్ చూడండి సార్, కొలతలెందుకు" అనేవాడి దగ్గర ఆగిపోండి. తాళ్లరేవులో పడవ కొనేవాడు కొలత చూడకుండా బయానా ఇస్తాడా?

ఇప్పటికే కొని వెనక్కి ఇవ్వాలనుకునేవాళ్లు ఒక్క ముక్క కూడా కోయకండి, కడగకండి. భాగం విడగొట్టిన పెట్టెని "వాడారు" అని వెనక్కి తీసుకోరు. సైటు ద్వారా కొంటే అక్కడే "వర్ణనకి తగినట్టు లేదు" అని రిటర్న్ పెట్టండి. నేరుగా యూపీఐలో పంపి, అవతలివాడు నంబరు మూసేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సరుకు వచ్చి తప్పుగా ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మినవాడి ఊరు వెళ్లక్కర్లేదు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. ప్రకటన స్క్రీన్‌షాట్, "1971" అని అతను రాసిన మెసేజీ, స్కేలు పక్కన హల్ ఫోటో, ఈ మూడూ చాలు. పెట్టె మీద కొరియర్ స్టిక్కర్ మాత్రం చింపేయకండి.