జేబు బ్రీత్ అనలైజర్లు: ఏది కొనొచ్చు, ఎంతవరకు నమ్మొచ్చు

ఆన్‌లైన్‌లో దొరికే జేబు బ్రీత్ అనలైజర్లన్నీ పైకి ఒకేలా ఉంటాయి. తేడా అంతా లోపలి సెన్సార్‌లోనే. వెయ్యి, రెండు వేలకు వచ్చేవి దాదాపుగా సెమీకండక్టర్ రకం. వేడెక్కిన టిన్ ఆక్సైడ్ పొరకు ఊపిరిలోని ఆవిరి తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది, దాన్ని బట్టి అంకె చూపుతుంది. ఆ పొర ఒక్క ఆల్కహాల్‌కే కాదు, సిగరెట్ పొగకు, శానిటైజర్‌కు, షుగర్ అదుపులో లేనివాళ్ల ఊపిరిలోని అసిటోన్‌కు కూడా స్పందిస్తుంది. పైగా వాడేకొద్దీ రీడింగ్ తప్పుతుంది. ఫ్యూయల్ సెల్ రకంలో ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఆల్కహాల్ ఆక్సీకరణ చెంది, దాని మోతాదుకు తగ్గట్టు కరెంటు పుడుతుంది. అసిటోన్‌కు మోసపోదు. ధర కొన్ని రెట్లు ఎక్కువే అయినా, కొంటే ఇదే కొనాలి. చవక రకంతో డబ్బు పోవడం చిన్న నష్టం. అది తక్కువ అంకె చూపితే మనిషి నమ్మి బండి తీస్తాడు, భయమంతా అక్కడే.

పెట్టె తెరవగానే యూనిట్ చూడండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. చెకింగ్‌లో ‘30 దాటింది’ అనేది దీన్నే. శాతంలో ఇది 0.03, లీటరు రక్తానికి గ్రాముల్లో 0.3, లీటరు ఊపిరికి మిల్లీగ్రాముల్లో సుమారు 0.14. అమెరికా మార్కెట్ కోసం చేసిన పరికరాల్లో అలారం 0.08 దగ్గర పెట్టి ఉండొచ్చు, అక్కడ చాలా రాష్ట్రాల హద్దు అది. అలాంటి దాంట్లో 0.06 వచ్చినా అలారం మోగదు. 0.03కో అంతకన్నా కిందికో మార్చే వీలు లేకపోతే వెనక్కి పంపేయండి.

ఆఖరి గుక్క తర్వాత 15 నిమిషాలైనా ఆగి ఊదాలి. నోట్లో మిగిలిన మందు, మౌత్‌వాష్ అంకెను అమాంతం పెంచేస్తాయి. నాలుగైదు సెకన్లు ఆపకుండా, ఒకే బలంతో ఊదాలి. ముందు వచ్చేది నోటి గాలి, రక్తంలోని మోతాదును చెప్పేది ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలి. అందుకే చిన్నగా ఊదితే తక్కువ చూపుతుంది. ఐదు నిమిషాలాగి మళ్లీ ఊది, పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ఎంత మంచి పరికరమైనా చెప్పలేనిది ఒకటుంది. తాగిన అరగంట నుంచి గంటన్నర దాకా రక్తంలో మోతాదు పెరుగుతూనే ఉండొచ్చు, కడుపు నిండా తింటే ఇంకా ఆలస్యంగా. బార్ గుమ్మం దగ్గర 0.02 చూపినవాడు సగం దారిలో 0.04లో ఉండొచ్చు. కాబట్టి పార్టీ నుంచి బయటికొస్తూ చేసే పరీక్షను అనుమతిగా తీసుకోకూడదు.

దీని అసలు ఉపయోగం మర్నాడు పొద్దున. 42.8 శాతం విస్కీ 60 మి.లీ.లో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగవాడికి ఆ ఒక్క పెగ్గే 40 మి.గ్రా. దాకా తీసుకెళ్తుంది, హద్దు అప్పుడే దాటింది. శరీరం గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పున తగ్గిస్తుంది. రాత్రి 9కి మొదలుపెట్టి అలాంటివి నాలుగు తాగితే 30కి దిగేసరికి తెల్లవారి దాదాపు 6 అవుతుంది, సున్నాకు దాదాపు 8 అవుతుంది. పిల్లల్ని స్కూల్లో దింపే వేళ అదే. ట్రావెల్స్ వాళ్లు, స్కూల్ బస్సుల యజమానులు తాళాలిచ్చే ముందు డ్రైవర్ చేత ఊదించడానికి ఫ్యూయల్ సెల్ పరికరం పెట్టుకోవడం ఖర్చు కాదు.

మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ దెబ్బ ఇంకా పెద్దది. తాగి నడిపిన బండి రిపేరు క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరించవచ్చు. బ్రీత్ పరీక్ష జరగకపోయినా మిగతా ఆధారాలు చాలని 2021లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదుటివాడికి చెల్లించిన పరిహారాన్ని కూడా కంపెనీ తిరిగి మీ దగ్గర వసూలు చేసుకునే వీలుంది. ఆ ఎదుటి ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే పిల్లల చదువులు ఆగుతాయి, ఆస్పత్రి బిల్లుకు పొలం అమ్ముడుపోతుంది. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో తాగుడు వల్ల ఎందరో సర్కారు లెక్క పూర్తిగా చెప్పదు, పరీక్ష జరగని కేసు ఆ ఖాతాలోకి ఎక్కదు.

కొనే ముందు అమ్మేవాళ్లను ఒకటడగండి: కాలిబ్రేషన్ (రీడింగ్‌ను సరిచూసి సరిదిద్దడం) మన దేశంలో ఎక్కడ చేస్తారు, ఎంత తీసుకుంటారు? ఫ్యూయల్ సెల్‌కు సాధారణంగా ఏడాదికోసారి అది అవసరం. ఊదే గొట్టాలు మనిషికొకటి వాడండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే సెన్సార్ పాడవుతుంది.