పాలమూరు నుంచి డల్లాస్: దుబాయ్ మీదుగానా, లండన్ మీదుగానా?

టికెట్ తీసేముందు అందరూ అడిగేది ఎన్ని గంటలని. ఎక్కడ ఎన్ని గంటలు అని అడగాలి, ముఖ్యంగా అమ్మానాయనలను వెంటబెట్టుకుని పోయేటప్పుడు. శంషాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్‌లో దిగి మారితే 2,550, ఆపైన 12,900. లండన్‌లో మారితే 7,750, ఆపైన 7,630. రెండు దారులూ కలిపి చూస్తే తేడా వంద కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ ఒళ్లు పడే బాధలో మాత్రం చాలా తేడా ఉంది.

పోయేటప్పుడు దుబాయ్ మీదుగా పోయాం. మొదటి నాలుగు గంటలు తిని కాసేపు కునుకు తీసేలోపే అయిపోతాయి. తర్వాతి పదహారు గంటలే అసలు పరీక్ష. అమ్మ కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. నాయన నిద్రపోకుండా సీటు ముందున్న తెరలో మ్యాపే చూస్తూ కూర్చున్నాడు. "అమెరికా పడమర దిక్కు గదరా, ఇదేంది ఉత్తరం దిక్కు పోతున్నది" అని ఒకటే అడుగుడు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే అది పైకి, ధ్రువం వైపే పోతుంది, అదే దగ్గరి దారి అని చెప్పినా నమ్మినట్టు లేదు.

వచ్చేటప్పుడు లండన్. తొమ్మిది, పది గంటల చొప్పున రెండు ముక్కలు, మధ్యలో కాళ్లు చాపుకునే వీలు. గాలి కూడా వెనుక నుంచి తోస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో సమయం కొంత కలిసొస్తుంది. పెద్దవాళ్లకు నా ఓటు దీనికే. అయితే అక్కడ మళ్లీ సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది, ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి బస్సులో పోవాల్సి రావచ్చు, మారడానికి మూడు గంటలైనా ఉండేలా టికెట్ చూసుకోండి. నూనె తేలే పచ్చడి సీసా చేతి బ్యాగులో పెడితే ద్రవం కిందే లెక్కగట్టి పడేయొచ్చు, పెద్ద సూట్‌కేసులో వేయండి.

టికెట్‌తో పాటే వీల్‌ఛైర్ అడగండి, పైసా తీసుకోరు. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు ఇమిగ్రేషన్ దాకా తోడొచ్చే మనిషి దొరికినట్టే. శాకాహారం భోజనం కూడా ఒకరోజు ముందే చెప్పాలి.

ముందురోజు రాత్రి శంషాబాద్‌లో ఒక లాడ్జిలో దిగాం. ఏసీ మోతే తప్ప చల్లదనం లేదు, ఎయిర్‌పోర్టుకు ఉచితంగా దింపుతామన్న బండి ఎంతకీ రాలేదు, చివరికి క్యాబ్ పిలుచుకున్నాం. నిజానికి పాలమూరు వాళ్లకు ఆ బస అక్కర్లేదు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా హైవే ఎక్కితే రెండు గంటల్లోపే, సిటీలోకి పోయే పనే లేదు. నల్గొండ వాళ్లయితే చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి, పండగ రోజుల్లో పంతంగి టోల్ దగ్గర ఆగిపోయే టైమ్ కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంట్లో బయల్దేరి డల్లాస్‌లో తమ్ముడి ఇల్లు చేరేసరికి 32 గంటలు పట్టింది. అక్కడి గడియారం ఎండాకాలంలో మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అమ్మ వారం దాకా అర్ధరాత్రి లేచి టీ పెట్టమనేది.