బెంగళూరు పీన్యాలోని కార్ల ట్యూనింగ్ షెడ్డు: పెట్రోలు లెక్క సరిచేసిన తీరు

ఇంజిన్‌కు గాలి తీసుకెళ్లే గొట్టాన్ని వెడల్పైనదిగా మార్పించాక నా టర్బో కారు ట్రాఫిక్‌లో బాగానే నడిచేది కానీ, తుమకూరు రోడ్డెక్కి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే తడబడేది. అంతకుముందు మరొకచోట ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రెడీమేడ్ ట్యూనింగ్ ఫైలు ఎక్కించి డబ్బు తీసుకున్నారు. లోపం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ షెడ్డులో మొదట స్కానర్ పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ (లోటు పూడ్చడానికి ఈసీయూ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క) చూశారు: ప్లస్ 17 శాతం. గొట్టం వెడల్పైతే అందులో గాలి వేగం తగ్గి, లోపలికొచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ అసలుకంటే తక్కువ గాలిని చూపుతుందనీ, ఈసీయూ దాన్ని నమ్మి పెట్రోలు తగ్గిస్తుందనీ, మామూలు నడకలో ఎగ్జాస్టులోని ఆక్సిజన్ సెన్సర్ ఆ లోటును పూడ్చినా ఫుల్ థ్రాటిల్‌లో ఆ దిద్దుబాటు ఆగిపోతుందనీ మెకానిక్ హిందూపురం యాసలో ఓపికగా వివరించారు.

కంపెనీ ఈసీయూను తీసేయకుండానే, ఎగ్జాస్టుకు గాలి-పెట్రోలు నిష్పత్తిని కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ బిగించి, డైనోపై (కారును కదలనివ్వకుండా చక్రాలు తిప్పి శక్తి కొలిచే యంత్రం) ఒక్కో లోడ్ దగ్గర సెన్సర్ పట్టికను సరిదిద్దారు. పెట్రోలులో ఇథనాల్ కలిసేకొద్దీ, పూర్తిగా మండడానికి కావలసిన గాలి-పెట్రోలు నిష్పత్తి 14.7 నుంచి కిందికి జారుతుంది కనుక అన్నీ లాంబ్డాలోనే (ఉన్న గాలి, కావలసిన గాలికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య; 1 కంటే తగ్గితే పెట్రోలు ఎక్కువని అర్థం) చూశారు; ఈ జాగ్రత్త నాకు బాగా నచ్చింది. ఫుల్ లోడ్‌లో లాంబ్డా 0.97 ఉన్నది 0.84కు వచ్చింది, ట్రిమ్ ప్లస్ 3కు దిగింది.

శనివారం ఇస్తామన్న కారు మంగళవారం సాయంత్రం చేతికొచ్చింది. లాగ్ ఫైలు (పరీక్షల్లో నమోదైన రీడింగులు) కూడా అడిగితేనే ఇచ్చారు. ఫ్యూయెల్ పంపు బలహీనంగా ఉంటే వీరు ట్యూనింగ్ మొదలుపెట్టరు కాబట్టి, ప్రెషర్ ముందే చూపించుకుని వెళ్లండి.