ములుగు రోడ్డు షెడ్డులో డిఫ్ డ్రాప్: లిఫ్ట్ చేసిన వి-క్రాస్ యాక్సిళ్ల కథ

నా పని బోరు మోటార్లు దించడం, లేపడం. వాన పడ్డాక పరకాల, చిట్యాల పక్క పత్తి చేన్ల బాటలు ఎట్లుంటాయో అటు తిరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నల్లరేగడిలో అడుగు భాగం ఆనకుండా ఉండాలని నా ఇసుజు వి-క్రాస్ పికప్‌కు వేరే చోట ముందర రెండంగుళాల లిఫ్ట్ చేయించాను, అంటే బండిని అంత ఎత్తు లేపించాను. ఎత్తు వచ్చింది. కొన్నాళ్లకు కుడి ముందు రిమ్ము లోపలివైపు గ్రీజు మరకలు, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టకటక శబ్దం కూడా వచ్చాయి. లిఫ్ట్ చేసినవాళ్లను అడిగితే "అది మామూలే సార్" అన్నారు. అందుకే వరంగల్‌లో చూపించుకున్నాను.

ములుగు రోడ్డులో ఒక చిన్న రేకుల షెడ్డు. ఎక్కువగా ఫోర్ బై ఫోర్ బండ్లే చూస్తారు. మెకానిక్ స్పానర్ పట్టకముందే బండిని చదునైన చోట నిలబెట్టి, ముందు చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్ట్ మీద ఫోన్ పెట్టి వాలు చూశాడు. 16 డిగ్రీలు. తర్వాత జాకీ మీద లేపి, చక్రం వేలాడుతుండగా చేత్తో తిప్పుతూ షాఫ్ట్ చివర వంగే జాయింటు మీది రబ్బరు తొడుగు, అదే బూటు, దాని మడతలు చూపించాడు. ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. "అన్నా, ఇంత ఎత్తు ఎందుకు లేపిన్రు? కొంచెం దించుదామా?" అన్నాడు. పని అమ్ముకునేవాడు అడిగే ప్రశ్న కాదది. నాకు ఎత్తు కావాలన్నాను.

పాత జీపుల్లో యాక్సిల్ గొట్టం మొత్తం చక్రాలతోపాటే ఉంటుంది కాబట్టి బాడీ లేపినా లోపలి షాఫ్టుల కోణం మారదు. వి-క్రాస్ ముందర రెండు చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌ను (డిఫ్) ఛాసిస్‌కు బిగించారు. ఛాసిస్ లేస్తే అదీ లేస్తుంది, చక్రం నేల మీదే ఉంటుంది, మధ్యలో షాఫ్ట్ ఏటవాలు అవుతుంది. పైగా షాక్ అబ్జార్బర్ కింది భాగం చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ మధ్యలో ఉంటుంది కాబట్టి, షాక్ మీద అంగుళం మందం స్పేసర్ బిళ్ల పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు లేస్తుంది. చక్రం వేలాడినప్పుడు మరింత కిందికి జారుతుంది. "నేను ఫోర్ వీల్ వేయను కదా" అనుకుని లాభం లేదు. చక్రాన్ని షాఫ్ట్ నుంచి విడదీసే హబ్ లాకులు ఈ బండికి లేవు, టూ వీల్‌లో కూడా ఆ షాఫ్టులు తిరుగుతూనే ఉంటాయి.

వాళ్లు వేసింది డిఫ్ డ్రాప్, అంటే షాఫ్ట్ వాలు తగ్గేలా డిఫ్‌ను కొంచెం కిందికి దించడం. డిఫరెన్షియల్ మౌంటింగుల దగ్గర లేత్ మీద తిప్పించిన 25 మిల్లీమీటర్ల ఇనుప స్పేసర్లు, పొడుగైన, గట్టి 10.9 గ్రేడు బోల్టులు, టార్క్ రెంచితో బిగింపు. మళ్లీ ఫోన్ పెడితే పన్నెండున్నర డిగ్రీలు. బూటు మడతలు విడిపోయాయి. కోణం తగ్గినంత మాత్రాన అరిగిన జాయింటు బాగుపడదు కాబట్టి కుడివైపు బయటి జాయింటు, బూటు కొత్తవి వేశారు. డిఫ్‌కు శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా కొంచెం మారుతుందని ఫోర్ హైలో (ఫోర్ వీల్, మామూలు స్పీడు గేరు) మట్టి రోడ్డు మీద తిప్పి వణుకు లేదని చూపించాడు. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్లీ బిగించడానికి వాళ్లే ఫోన్ చేసి పిలిచారు. ఇది నాకు బాగా నచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. డిఫ్ అంగుళం కిందికొచ్చిందంటే డబ్బు పోసి కొన్న ఎత్తులో సగం అక్కడ తిరిగి ఇచ్చేసినట్టే. ట్రాక్టర్లు తొక్కి మధ్యలో మెరక తేలిన బాటల్లో అది తెలుస్తోంది. ఈ సంగతి ముందే గట్టిగా చెప్పాల్సింది. ఇంజను అడుగును కాపాడే సంప్ గార్డుకు వాషర్లు పేర్చి సర్దారు, గతుకుల్లో గలగలమంటుంది. అలైన్‌మెంట్ మెషీన్ లేదు, హనుమకొండలో వేరే చోట చేయించాను. అక్కడ టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగే కోణం) కుదిరింది కానీ క్యాంబర్ (చక్రం నిలువు వాలు) పూర్తిగా కుదరలేదు, దానికి పై ఆర్మ్ మార్చాలట. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిచ్చారు. జాయింటు ఖర్చు తీసేస్తే డ్రాప్‌కు ఎనిమిది వేల లోపే అయ్యింది.

లిఫ్ట్ అంగుళం, అంగుళంన్నర లోపే ఉండి బూట్లు మంచిగుంటే ఈ పని అక్కర్లేదని నా అభిప్రాయం. రెండంగుళాలు దాటించినవాళ్లు మాత్రం ఒకసారి వెళ్లి కొలిపించుకోండి. కొలిచినందుకు పైసలు తీసుకోరు. పొద్దున పది లోపు వెళ్తే మెకానిక్ దొరుకుతాడు, తర్వాత వెళ్తే వాళ్ల పిల్లగాళ్లే ఉంటారు.